మైకు ఎప్పుడు వదలాలి? సీనియర్ క్రీడా వ్యాఖ్యాత ముందున్న దారులు

"మీ గొంతు ఇంకా అలాగే ఉంది సార్!" సీనియర్ రేడియో వ్యాఖ్యాతను ఈ మాట తప్పుదారి పట్టించినంతగా మరేదీ పట్టించదు. అలాగని అది అబద్ధం కాదు. గొంతు నిజంగానే అలాగే ఉంటుంది. ముప్పై ఏళ్లు మైకు ముందు కూర్చున్న మనిషికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎక్కడ విరవాలో ఒంటికి పట్టేసి ఉంటుంది. ఆ విద్య చాలాకాలం నిలుస్తుంది. ముందుగా తగ్గేది చూపు. తరువాత పేర్లు తట్టడం ఆలస్యమవుతుంది. తరువాత చెవి. గొంతు వంతు చివరన వస్తుంది. అందుకే గొంతును చూసుకుని నిర్ణయం తీసుకునేవారు దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే తీసుకుంటారు.

విరమణకు ఉన్న దారుల ఈ పోలికను రేడియో వ్యాఖ్యాతల కోసం, వారి ఇంటివారి కోసం, వారిని పిలిచి మైకు చేతికిచ్చే రేడియో కేంద్రాల కోసం రాస్తున్నాను. హైదరాబాద్‌లో లాల్ బహదూర్ స్టేడియంలోనూ, తరువాత ఉప్పల్‌లోనూ వ్యాఖ్యాతల పక్కన స్కోరు పుస్తకం పెట్టుకుని కూర్చున్నవాడిని నేను. బంతి పడగానే పుస్తకంలో చుక్క పెట్టాలా, అంకె వేయాలా అన్నది నా పని. అదే బంతిని మాటల్లో చూపించడం వారి పని. పుస్తకానికీ మాటకూ తేడా వస్తే ముందుగా తెలిసేది స్కోరరుకే. ఆ గొంతులంటే నాకు ప్రాణం. అవి గౌరవంగా ఆగాలన్న తపనతోనే ఇది రాస్తున్నాను.

ఆకాశవాణిలో ఉద్యోగం చేసేవారికి 60 ఏళ్లకు విరమణ ఉంటుంది. మ్యాచ్‌కు ఇంత అని పారితోషికం మీద వచ్చే వ్యాఖ్యాతకు అలాంటి తేదీ ఏదీ లేదు. మన దేశంలో పేరున్న రేడియో వ్యాఖ్యాతల్లో చాలామంది వేరే వృత్తిలో ఉంటూ ఈ పని చేసినవారే. రవి చతుర్వేది ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించారు. నరోత్తమ్ పురి చెవి, ముక్కు, గొంతు వైద్యులు. ఇలాంటివారికి కాలేజీ నుంచో ఆసుపత్రి నుంచో విడుదలయ్యాకే మైకు ముందు పూర్తి తీరిక దొరుకుతుంది. కాబట్టి షష్టిపూర్తితో పాటే వ్యాఖ్యానానికీ స్వస్తి చెప్పాలనడం సరైన సలహా కాదు. ఈ విషయంలో వయసును నేను కొలతగా తీసుకోను. 62 ఏళ్లకే ఆగాల్సినవారు ఉంటారు, 78లోనూ నిక్షేపంగా కొనసాగదగినవారు ఉంటారు.

ముందు ఏది తగ్గుతుంది

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చేతి నుంచి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో వ్యాఖ్యాత బంతి ఎక్కడ పడిందో చూడాలి, బ్యాట్స్‌మన్ కాలు ముందుకు వేశాడో వెనక్కి వేశాడో చూడాలి, బంతి ఎటు వెళ్లిందో పసిగట్టాలి, అటువైపు ఎవరున్నారో గుర్తుపట్టాలి. ఇవన్నీ వ్యాఖ్యాతల గదిలోంచి, అంటే బౌండరీకి ఆవల అంత ఎత్తు నుంచి చూడాలి. టీవీ వ్యాఖ్యాతకు ఎదురుగా తెర ఉంటుంది, మళ్లీ చూపించే దృశ్యం ఉంటుంది. రేడియో వ్యాఖ్యాత దగ్గరా ఇప్పుడు ఒక మానిటర్ పెడుతున్నారు కానీ, దానివైపు తల తిప్పితే మైదానం పోతుంది.

చూపు తగ్గడంలో బాగుచేసుకోగలిగినదీ, చేసుకోలేనిదీ రెండూ ఉన్నాయి. కంట్లో శుక్లం మొదలైతే పగటి మ్యాచ్‌లో పెద్దగా తెలియకపోవచ్చు. ఫ్లడ్‌లైట్ల కింద మాత్రం వెలుతురు చెదిరిపోయి తెల్లబంతి కనిపించకుండా పోతుంది. డే మ్యాచ్‌లో హాయిగా చెప్పిన పెద్దాయన రాత్రి మ్యాచ్‌లో తడబడుతుంటే ముందు చూపించుకోవలసింది కంటి డాక్టరుకు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్న నగరం మనది. ఒక శస్త్రచికిత్సతో తీరే ఇబ్బందికి జీవితకాలపు పనిని వదులుకోవడం అన్యాయం. ఆపరేషన్ అయి, కొత్త కళ్లద్దాలు అలవాటై, ఆ తరువాత కూడా రాత్రి బంతి అందకపోతే అప్పుడు ఆలోచించాలి.

పేర్ల సంగతి వేరు. వయసుతో పాటు మనుషుల పేర్లు నోటికి ఆలస్యంగా అందడం ఆరోగ్యవంతులకూ జరిగేదే, జబ్బేమీ కాదు. భాష తగ్గదు, ఆట మీద అవగాహన తగ్గదు, పదసంపద ఇంకా పెరుగుతుంది కూడా. 1999లో లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్ చేసిన 186 పరుగుల్లో ఏ షాట్ ఎటు వెళ్లిందో చెప్పగలిగిన మనిషే ఈ ఏడాది కొత్తగా వచ్చిన కుర్రవాడి పేరు దగ్గర ఆగిపోతాడు. ఐపీఎల్‌లో ఏటా జట్లు మారుతాయి, రాష్ట్ర జట్లు ఆడే రంజీ ట్రోఫీలో ప్రతి సీజన్‌కూ కొత్త ముఖాలు వస్తాయి. క్రీజులో హెల్మెట్ పెట్టుకున్న ఎడమచేతి బ్యాట్స్‌మెన్ ఇద్దరుంటే నిలబడే తీరును బట్టే గుర్తుపట్టాలి. అక్కడ ఒక్క క్షణం జాప్యమైతే బంతి అయిపోతుంది.

చెవిలో ముందుగా తగ్గేవి సన్నని ధ్వనులు. గోలలో హల్లులు స్పష్టంగా వినిపించవు. హెడ్‌ఫోనులో నిర్మాత చెప్పే సూచన, పక్కనున్న నిపుణుడి వ్యాఖ్య, ప్రేక్షకుల హోరు, మూడూ కలిసిపోతాయి. దాంతో పక్కవారు అప్పుడే చెప్పిన విషయాన్నే మళ్లీ చెప్పడం మొదలవుతుంది. ఇక గొంతు: మగవారి గొంతు స్థాయి వయసుతో కాస్త పెరుగుతుంది, ఆడవారిది కాస్త దిగుతుంది, దమ్ము తగ్గుతుంది. మంచినీళ్లు, సాధన, చిన్న స్పెల్ (ఒక విడతలో మైకు ముందు మాట్లాడే సమయం) ఉంటే దీన్ని చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు.

ఖాళీ స్కోరు పుస్తకం పరీక్ష

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. మీరు ఈ మధ్య చెప్పిన ఒక ఇన్నింగ్స్ రికార్డింగ్ తీసుకోండి. ఆ మ్యాచ్ చూడని మనిషి చేతికి, స్కోరు వేయడం వచ్చినవారి చేతికి, ఒక ఖాళీ స్కోరు పుస్తకం ఇవ్వండి. మీ మాటలు మాత్రమే వింటూ పుస్తకం నింపమనండి. అయిపోయాక అసలు స్కోరుతో పోల్చండి. ఎవరు వేశారు, ఎవరు ఆడారు, ఎన్ని పరుగులు, వికెట్ ఎవరికి దక్కింది, క్యాచ్ ఎవరు పట్టారు అన్నవి సరిపోతే మీరు ఇంకా పనిలో ఉన్నట్లే. మీ గొంతు గురించి ఎవరేమన్నా పట్టించుకోనవసరం లేదు.

తేడా ఎలా మొదలవుతుందో చూపిస్తాను. ఒకే బంతిని రెండు రకాలుగా వినండి.

"ఆఫ్‌స్టంప్‌కు కాస్త వెలుపల, గుడ్‌లెంగ్త్. ముందుకు వచ్చి కవర్స్ వైపు నెట్టాడు. ఎక్స్‌ట్రా కవర్‌లో ఉన్న ఫీల్డర్ ఎడమవైపు పరుగెత్తి ఒంటిచేత్తో ఆపాడు. పరుగు లేదు. రెండు వికెట్లకు 86."

"చాలా చక్కటి బంతి... అంతే చక్కగా ఆడాడు... ఆఁ, అద్భుతమైన ఫీల్డింగ్! పరుగు... లేదు, లేదు. మంచి పోటీ నడుస్తోంది ఇక్కడ."

రెండోది చెవికి ఇంపుగానే ఉంటుంది. గొంతు బాగుంటే మరీ ఇంపుగా ఉంటుంది. కానీ అందులో బంతి లేదు, దిశ లేదు, మనిషి లేడు, స్కోరు లేదు. చూపు అందనప్పుడు అనుభవం ఉన్న నాలుక ఇలా కప్పిపుచ్చడం నేర్చుకుంటుంది. విశేషణాలు పెరుగుతాయి, పేర్లూ దిశలూ తగ్గుతాయి. ఇంకో గుర్తు: రేడియోలో ముందు జనం హోరు వినిపించి, ఆ వెనక వ్యాఖ్యాత గొంతు లేస్తుంది. ఇంకొకటి: పాత కథ మధ్యలో బంతి పడిపోవడం. కథలు చెప్పడం తప్పు కాదు, రేడియోకు అవే అందం. ఓవరు మధ్య విరామంలో మొదలుపెట్టిన కథ తరువాతి ఓవరు రెండో బంతి దాకా సాగితే మాత్రం శ్రోతకు ఒక బంతి బాకీ పడ్డట్లే.

ఒక మ్యాచ్‌లో ఒక పేరు తప్పడం ఎవరికైనా జరుగుతుంది, ఇరవై ఏళ్ల కుర్రవాడికీ జరుగుతుంది. ఒకే రకం పొరపాటు వరుస మ్యాచ్‌లలో వస్తుంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, టీవీలో మ్యాచ్ చూస్తూ రేడియో వినేవారికి మీ తప్పు వెంటనే తెలుస్తుంది, నవ్వుకుని ఊరుకుంటారు. చూపు లేని శ్రోతకు తెలియదు. రాత్రి కాపలాలో ఉన్న వాచ్‌మన్‌కు, బండి నడుపుతూ వింటున్న డ్రైవరుకు తెలియదు. మీరు ఏది చెబితే వారి కంటికి అదే మ్యాచ్. మిమ్మల్ని పూర్తిగా నమ్మినవారికే మీ పొరపాటు కనిపించదు. విరమణ గురించి ఆలోచించేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకోవలసింది ఆ శ్రోతను.

దారులు, వాటి బాగోగులు

మొదటి దారి, బాగున్నప్పుడే తేదీ పెట్టుకుని ఆగిపోవడం. బీబీసీలో 1946 నుంచి క్రికెట్ చెప్పిన జాన్ ఆర్లాట్ 1980లో లార్డ్స్‌లో జరిగిన శతాబ్ది టెస్టుతో టెస్టు వ్యాఖ్యానం ముగించారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. చివరి స్పెల్ చివర వీడ్కోలు ప్రసంగం ఏమీ చేయలేదు, తరువాత మాట్లాడబోయేవారి పేర్లు ఎప్పటిలాగే చెప్పి లేచారు. ఆ సంగతి మైదానంలో ప్రకటించగానే ఆటగాళ్లు ఆట ఆపి చప్పట్లు కొట్టారు. మరో బీబీసీ వ్యాఖ్యాత హెన్రీ బ్లోఫెల్డ్ 2017 వేసవిలో ముందే చెప్పి, సెప్టెంబరులో లార్డ్స్ టెస్టుతో 77 ఏళ్ల వయసులో సెలవు తీసుకున్నారు. ఈ దారిలో మర్యాద ఉంది, స్పష్టత ఉంది. నష్టం కూడా ఉంది: ఇంకా చాలా ఏళ్లు చెప్పగలిగిన మనిషి ముందే వెళ్లిపోవచ్చు. ఆర్లాట్‌కు రచన ఉంది, ఆల్డెర్నీ దీవిలో ఇల్లు ఉంది. మైకు తప్ప మరో వ్యాపకం లేని మనిషికి మర్నాటి ఉదయం గడవడం కష్టం. చేతిలో వేరే పని సిద్ధంగా ఉన్నవారికీ, చూపు సమస్యకు ఇక చికిత్స లేదని డాక్టరు చెప్పినవారికీ ఇదే మంచి దారి.

రెండోది, ఓపిక ఉన్నంతకాలం కొనసాగడం. అమెరికాలో మిల్వాకీ బ్రూవర్స్ బేస్‌బాల్ జట్టుకు బాబ్ యూకర్ 1971 నుంచి 2024 దాకా 54 సీజన్లు రేడియోలో చెప్పారు. 2025 జనవరిలో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది, మనలో చాలామంది మనసు ఇటే లాగుతుంది. అయితే ఆయన చుట్టూ ఉన్న ఏర్పాటును చూడాలి. పక్కన వేరే వ్యాఖ్యాతలు ఉన్నారు, చివరి ఏళ్లలో ఎక్కువగా సొంత ఊరి మ్యాచ్‌లే చెప్పారు, ఆయన్ను సొంత మనిషిలా చూసుకునే జట్టు వెనక ఉంది. అంత ఆసరా లేకుండా, మ్యాచ్‌కు మ్యాచ్ పిలుపు కోసం ఎదురుచూసే వ్యాఖ్యాత ఈ దారి పట్టడం ప్రమాదకరం. ఒకరోజు పిలుపు రాదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. నేను చూసినంతలో అన్నిటికన్నా ఎక్కువ నొప్పి కలిగించే ముగింపు అదే.

మూడోది, పని తగ్గించుకుంటూ వచ్చి ఆగడం. ఎక్కువమందికి నేను చెప్పే సలహా ఇదే. విన్ స్కల్లీ 1950లో బ్రూక్లిన్‌లో డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుతో మొదలుపెట్టి, జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారినా దానితోనే ఉండి, 67 సీజన్లు చెప్పారు. చివరి ఏళ్లలో దూర ప్రయాణాలు మానేశారు. 2016 సీజన్ బహుశా చివరిదని అంతకుముందు వేసవిలోనే చెప్పారు. 2016 అక్టోబరు 2న, 88 ఏళ్ల వయసులో ముగించారు. ఒక్కసారిగా తెగిపోకుండా, సాగి సాగి అరిగిపోకుండా నడుమన నడిచిన పద్ధతి అది.

అయితే తగ్గించుకోవడంలో మనవాళ్లు వరుసను తలకిందులు చేస్తుంటారు. పెద్ద మ్యాచ్‌లు ఉంచుకుని చిన్న మ్యాచ్‌లు కుర్రవాళ్లకు వదిలేస్తారు. హోదాకు అది సబబుగా కనిపిస్తుంది, పనికి మాత్రం విరుద్ధం. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే టీ20 అన్నిటికన్నా కష్టమైన మ్యాచ్: దీపాల వెలుతురు, వేగం, కొత్త పేర్లు, ముగిసేసరికి పదకొండు దాటడం, ఉప్పల్ నుంచి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. నాలుగు రోజుల రంజీ మ్యాచ్ సీనియర్ వ్యాఖ్యాత కోసమే పుట్టినట్లు ఉంటుంది. బంతికీ బంతికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది, ఆటను లోతుగా చెప్పే వీలుంటుంది, పాత జ్ఞాపకానికి చోటుంటుంది. కాబట్టి ముందు రాత్రి టీ20లు వదలండి. తరువాత బయటి ఊళ్లు. తరువాత వన్డేల చివరి పది ఓవర్లు. స్పెల్‌ను ఇరవై నిమిషాలకు కుదించుకోండి. పగటి వెలుతురులో జరిగే సుదీర్ఘ క్రికెట్‌ను చివరిదాకా ఉంచుకోండి.

నాలుగోది కుర్చీ మారడం. మైదానం వదిలి స్టూడియోకు రావడం, పాత మ్యాచ్‌ల గురించి ధారావాహిక చేయడం, కొత్తవారికి శిక్షణ ఇవ్వడం, లేదా ముందే క్రమం తెలిసిన కార్యక్రమాలకు ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పడం. 1975 హాకీ ప్రపంచకప్ ఫైనల్‌ను దేశమంతటికీ వినిపించిన జస్‌దేవ్ సింగ్ గణతంత్ర దినోత్సవ కవాతు వ్యాఖ్యానానికీ అంతే పేరుపొందారు. మన దగ్గర భద్రాచలం సీతారామ కల్యాణం ప్రత్యక్ష వ్యాఖ్యానం అనగానే ఉషశ్రీ గొంతు గుర్తుకు వచ్చే తరం ఇంకా ఉంది. కల్యాణంలో తరువాత ఏమి జరుగుతుందో తెలుసు, మాటకు విస్తారం ఉంది, వయసు తెచ్చే నిండుదనం అక్కడ బలమవుతుంది. ఆట తాలూకు ఉద్వేగం లేకుండా ఉండలేనివారికి మాత్రం ఇది చప్పగా అనిపిస్తుంది. నెల రోజులు చేసి చూసి తేల్చుకోవాలి.

ఇంకొకరు నిర్ణయిస్తారులే అని ఊరుకోవడం కూడా ఒక దారే అనుకునేవారు ఉన్నారు. డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్‌ను 1991 సీజన్ తరువాత తప్పించారు. శ్రోతలు భగ్గుమన్నారు. 1993లో ఆయన తిరిగి వచ్చారు. చివరకు 2002లో, 84 ఏళ్లకు, తాను ఎంచుకున్న సమయంలో వెళ్లారు. అందరికీ అలా రెండో అవకాశం రాదు.

ఆట, ఇల్లు, డబ్బు

పైన చెప్పిందంతా క్రికెట్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ఫుట్‌బాల్, హాకీ చెప్పేవారు ఇంకా ముందే ఆలోచించాలి. అక్కడ 22 మంది ఒకేసారి కదులుతుంటారు, బంతుల మధ్య విరామం ఉండదు. కబడ్డీలో ఒక్కో కూతకు 30 సెకన్లు, ఆ కాసేపట్లో ఎవరిని తాకాడో ఎవరు పట్టారో చెప్పేయాలి. ఈ ఆటలు చెప్పేవారు చూపు, పేర్లు నెమ్మదించగానే క్రికెట్‌కో స్టూడియోకో మారడం మేలు.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. వేరే ఉద్యోగం చేసి పింఛను తెచ్చుకుంటున్నవారికి వ్యాఖ్యాన పారితోషికం అదనపు రాబడి. దానిమీదే ఇల్లు నడుస్తున్నవారికి విరమణ అంటే రాబడి ఆగిపోవడమే. వారిని "గౌరవంగా తప్పుకోండి" అనడం సులువు. అలాంటివారు మొదటి దారి గురించి ఆలోచించవద్దు. మూడు, నాలుగు దారులను కలిపి నడవాలి: మైదానం తగ్గిన మేరకు శిక్షణో, కార్యక్రమాలో, ప్రకటనలకు గొంతు ఇవ్వడమో పెరగాలి. ఈ మార్పు మొదలుపెట్టాల్సింది పిలుపులు తగ్గాక కాదు, చేతినిండా మ్యాచ్‌లు ఉన్నప్పుడే. అప్పుడే మీ మాటకు విలువ ఉంటుంది.

ఇంటివారితో మాట్లాడండి కానీ, మీ పనితనం గురించి వారి తీర్పు అడగవద్దు. భార్యకో, పిల్లలకో మీ గొంతు రేడియోలో వినిపించడమే పండుగ. వారు చెప్పగలిగినది ఇంకొకటి ఉంది: మ్యాచ్ నుంచి వచ్చాక మీరు ఎంత అలసిపోతున్నారు, మర్నాడు ఎలా ఉంటున్నారు. అది నమ్మదగిన సాక్ష్యం.

ఎవరిని, ఎలా అడగాలి

మన దగ్గర పెద్దవారికి వారి ముఖం మీద నిజం చెప్పరు. చెప్పకపోవడం భయం వల్ల కాదు, ప్రేమ వల్ల. "గురువుగారూ" అని పిలిచి కాళ్లకు దండం పెట్టిన కుర్రవాడు ఆ గురువుగారితో "ఈరోజు నాలుగు పేర్లు తప్పాయి" అని ఎలా అంటాడు? పక్కన కూర్చుని చీటీ మీద పేరు రాసి మెల్లగా జరుపుతాడు. వేలితో మిడ్‌వికెట్ వైపు చూపిస్తాడు. ఆ చీటీలు ఎక్కువైతే అదే మీకు అందుతున్న కబురు.

అందుకని ముందడుగు పెద్దవారే వేయాలి, సరైన ప్రశ్నతో వేయాలి. "ఎలా చెప్పాను?" అని అడిగితే "అద్భుతం సార్" అనే వస్తుంది. "ఈ స్పెల్‌లో నేను స్కోరు ఎన్నిసార్లు చెప్పలేదు? ఎవరి పేరు బదులు ఎవరి పేరు చెప్పాను?" అని అడగండి. అప్పుడు తీర్పు చెప్పనక్కరలేదు, లెక్క చెబితే చాలు. స్కోరరును అడగండి, సౌండ్ ఇంజనీరును అడగండి. అభిమానిని అడగవద్దు. సీజన్ మొదట్లోనే ఒక నమ్మకస్తుడిని పిలిచి "నేను ఆగాల్సిన సమయం వచ్చిందని నీకు అనిపిస్తే చెప్పు, నాకు కోపం రాదు, ముందే మాట ఇస్తున్నాను" అనండి. ఆ మాట ముందుగా ఇస్తేనే అవతలివారికి నోరు పెగులుతుంది.

రేడియో కేంద్రాలదీ ఇందులో బాధ్యత ఉంది. పిలవడం మానేసి మౌనంగా ఊరుకోవడం నిర్ణయం కాదు, తప్పించుకోవడం. ఏటా ఒకసారి, చిన్నాపెద్దా తేడా లేకుండా వ్యాఖ్యాతలందరి రికార్డింగులూ కలిసి వినే ఏర్పాటు ఉంటే ఏ ఒక్కరినీ వేలెత్తి చూపినట్లు ఉండదు. సీనియర్ పక్కన ఒక కొత్త గొంతును రెండు సీజన్లపాటు కూర్చోబెట్టాలి. హర్షా భోగ్లే హైదరాబాద్‌లో 19 ఏళ్ల వయసులో ఆకాశవాణికి క్రికెట్ చెప్పడం మొదలుపెట్టారు. ఆ వయసు కుర్రవాడికి మైకు ముందు చోటు దొరికింది కనుకే అది జరిగింది. ఈరోజు ఉస్మానియాలో చదువుతూ, గల్లీ మ్యాచ్‌లకు తెలుగులో వ్యాఖ్యానం చెబుతున్న అమ్మాయికో అబ్బాయికో అలాంటి చోటు కావాలి. సీనియర్ తన స్పెల్‌లో సగం తగ్గించుకుంటే ఆ సగం వారికి దక్కుతుంది, తప్పులు సరిదిద్దే పెద్దదిక్కు పక్కనే ఉంటుంది. మూడో దారిని నేను గట్టిగా సమర్థించడానికి ఇది కూడా కారణం.

తేదీ, చివరి మ్యాచ్

తగ్గించుకోవడం మొదలుపెట్టిన రోజునే చివరి తేదీ కూడా రాసిపెట్టుకోండి. తేదీ లేని తగ్గింపు సాగుతూనే ఉంటుంది. ఒక సీజన్ ముందు కేంద్రానికి రాతపూర్వకంగా చెప్పండి, సీజన్ మధ్యలో శ్రోతలకు చెప్పండి. సన్మానం రవీంద్రభారతిలో చేస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి, కానీ చివరి మ్యాచ్ అయ్యాకే పెట్టించండి. ముందే జరిగితే శాలువా కప్పుకున్న మనిషి చెప్పే ప్రతి మాటా వీడ్కోలులా వినిపిస్తుంది, మ్యాచ్ పక్కకు పోతుంది.

ఒకసారి ఆగాక మళ్లీ పిలుపు వస్తే ఏమి చేయాలి? న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు వ్యాఖ్యాత జాన్ స్టెర్లింగ్ 2024 ఏప్రిల్‌లో, 85 ఏళ్లకు విరమించి, ఆ ఏడాది చివరి పోటీల కోసం తిరిగి వచ్చారు. ఒక ప్రత్యేక సందర్భానికి, పరిమితంగా, కేంద్రమే అడిగితే తప్పు లేదు. మీ అంతట మీరు అడగవద్దు.

చివరి మ్యాచ్‌గా ఫైనల్‌ను కోరుకోవద్దు. ఫైనల్ హోరులో వ్యాఖ్యాత వీడ్కోలు కొట్టుకుపోతుంది, పైగా అది రాత్రి మ్యాచ్ అవుతుంది. ఉప్పల్‌లో చలికాలంలో జరిగే రంజీ మ్యాచ్‌కు ప్రసారం ఉంటే దాన్ని ఎంచుకోండి. ఎండ మెత్తగా ఉంటుంది, వెలుతురు బాగుంటుంది, నాలుగు రోజుల సమయం ఉంటుంది. మొదటి మూడు రోజులు మామూలుగా పని చేయండి. నాలుగో రోజు టీ విరామానికి ముందు స్పెల్ మీరు తీసుకుని, ఆఖరి స్పెల్ మీ తరువాత ఆ కుర్చీలో కూర్చోబోయేవారికి ఇప్పించండి. ఇన్నేళ్లుగా రాసుకున్న నోటు పుస్తకాలు, ఆటగాళ్ల పేర్లు ఎలా పలకాలో గుర్తుపెట్టుకున్న చీటీలు అప్పుడే వారి చేతికి ఇచ్చేయండి. వాటి అవసరం ఆ గంటలోనే మొదలవుతుంది.